ముసుగు పాట

తీసేశారండీ బావగారూ, నన్ను గ్రూపులోంచి తీసేశారు! ఏడేళ్ళు. ఏడేళ్ళు నెత్తిన పెట్టుకుని ఊరేగించి, ఒక్క వేలితో నొక్కి అవతల పారేశారు. చెప్పాపెట్టకుండా! సోమవారం పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఫోను తీస్తే, మీరిక సభ్యులు కారు అని ఉంది. సబ్బుల ప్రకటనలు పెట్టేవాళ్ళని కూడా రెండుసార్లు హెచ్చరించి తీస్తారు, తెలుసా?

కూర్చోండి. ఆ స్టూలు మీద వద్దు, కాలు ఊగుతుంది. ఆ స్పీకరు పెట్టె మీద కూర్చోండి, ఫర్వాలేదు, లోపల ఖాళీయే. టీ చెప్పనా? వద్దా? ఆఁ, మీ ఇష్టం. పదకొండు రోజులుగా చెల్లెల్ని మీ ఇంట్లో పెట్టుకుని, నా టీ మీకు గొంతు ఎలా దిగుతుందిలెండి.

అడుగుదురుగాని, తొందరేముంది? మీరు అడగడానికే వచ్చారు, నేను చెప్పడానికే ఉన్నాను. ఈ సోల్డరింగు కడ్డీ ఒక్కటి ఆపేస్తాను, లేకపోతే ఊరికే కాలుతూ ఉంటుంది. ఇదిగో. ఇక వినండి.

మీకు ఈ పాటల గొడవ పట్టదు. ముప్పయ్యేళ్ళు లారీ తోలారు, ఇంజను సవ్యంగా పాడితే అదే మీకు కచేరీ. అందుకని మొదట్నుంచీ చెప్పాలి.

గ్రూపంటే ఏమిటి? ఫోనులో పాటల పిచ్చోళ్ళ గుంపు. మూడొందల నలభై మందిమి. ఒకరి మొహం ఒకరం చూసింది లేదు. పొద్దున్న లేస్తే ఒకడు ఒక పాట పెడతాడు, ఇంతకన్నా గొప్ప పాట పుట్టలేదంటాడు. పది నిమిషాల్లో ఇంకొకడు వచ్చి, ఇదీ ఒక పాటేనా అంటాడు. ఇక సాయంత్రం దాకా అదే పని. శాస్త్రీయం, సినిమా, జానపదం, గజళ్ళు, గిటార్లు బద్దలుకొట్టే రకం, మాటలు దడదడా అప్పజెప్పే ర్యాపు రకం, అన్నీ ఒకే సంతలో. దాన్ని నడిపేది రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన.

అసలు పేర్లతో పని లేదు అక్కడ. పాత రికార్డు అని ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు. తనకి ఇరవయ్యేళ్ళు నిండిన రోజునే సంగీతం చచ్చిపోయిందంటాడు. రాగం పిన్ని అని ఒకావిడ, జోలపాట పెట్టినా ఇది ఏ రాగమో చెప్పండంటుంది. డ్రమ్ము అని ఒక నర్సు, డ్యూటీ దిగి వచ్చి చెవులు చిల్లులు పడే పాట పెట్టి, ఇది వింటేగానీ నాకు నిద్ర పట్టదంటుంది. ర్యాపు పాటా, మాటా అని ఒకసారి తొమ్మిది రోజులు కొట్టుకున్నాం. పిన్ని మూడుసార్లు అలిగి వెళ్ళి మూడుసార్లూ తిరిగొచ్చింది. నవ్వుతారేం? మీకు నవ్వులాటే. మాకు అన్నం కన్నా ముందు అదే.

నేనా? నేను త్రాసు. వాళ్ళు పెట్టిన పేరే. ఏ పాటనైనా పట్టుకుని ఇందులో సరుకెంత, తాలెంత అని తేల్చి చెప్తానని.

మీరే చూడండి నా బతుకు. ఈ బల్ల, ఈ దీపం, చిరిగిన స్పీకర్లు, పొగలొచ్చిన ఆంప్లిఫయర్లు. పొద్దుట్నుంచీ షాపుకొచ్చిన ప్రతివాడూ 'అయిందా? ఇంకా కాలేదా?' తప్ప ఇంకో మాట మాట్లాడడు. అలాంటివాణ్ణి, అక్కడ నేను రాసేదాకా ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు! త్రాసుగారు ఏమంటారో చూద్దాం అని పళ్ళ డాక్టరు అంతటివాడు ఆగేవాడు. రుచి మరిగాను బావగారూ. కాదనను.

ఇప్పుడు అసలు సంగతి. మా గ్రూపులో ముసుగు పాట అని ఒక ఆచారం ఉంది. ప్రతి శనివారం పొద్దున్న పదింటికి పోస్టుమాస్టరు ఒక పాట పెడతాడు. పాడింది ఎవరో చెప్పడు. మా సభ్యుల్లో ఎవరో ఒకరు అయి ఉంటారు, లేదా వాళ్ళింటి మనిషి. సరిగ్గా ఒక్క నిమిషం ఉంటుంది. ఎంత పాట పంపినా ఆయన మొదటి నిమిషం ఉంచి మిగతాది కత్తిరించేస్తాడు. అందరం విని, మనసులో మాట మొహమాటం లేకుండా రాయాలి. ఆదివారం సాయంత్రం ఆరింటికి ముసుగు తీస్తాడు, అంటే పాడినవాళ్ళెవరో చెప్తాడు.

ఎందుకంటే, పేరు చూస్తే మనిషి వంకర తిరుగుతాడు కదా. మనవాడైతే మెచ్చుకుంటాడు, కానివాడైతే ఏకుతాడు. పేరు లేకపోతే చెవి ఒక్కటే మాట్లాడుతుంది. న్యాయమైన ఆట. ఆ ఆట పెట్టమని పోస్టుమాస్టరుకి చెప్పింది కూడా నేనే. అదీ నా ఖర్మ.

ఏమిటి, కిటికీ సంగతా? మీ చెల్లెలు అదీ చెప్పిందన్నమాట. చెప్తున్నా, అక్కడికే వస్తున్నా.

రెండేళ్ళ కిందట కిటికీ అనే పేరుతో ఒకావిడ చేరింది. ఆడమనిషని పిన్నితో మాట్లాడే తీరుని బట్టి తెలుసుకున్నాం, అంతే. మొదట్లో ఊరికే వినేది. తర్వాత తర్వాత ఒక్కో మాట. ఒకసారి కోతలప్పుడు పాడుకునే జానపదానికి కంప్యూటరు దరువులు కట్టి ఎవరో కుర్రాళ్ళు పాడితే, నేను చీల్చి చెండాడాను. పాటని చంపేశారు అని రాశాను. అందరూ ఔనౌనన్నారు. కిటికీ ఒక్కతే రాసింది: 'పాట బాగానే బతికుందండీ త్రాసుగారూ, మీకు అలవాటు లేని బట్టలు వేసుకుంది, అంతే.'

నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ విన్నాను. నిజమే! పాట బాగానే ఉంది.

ఇంకోసారి, పాత గాయని ఒకావిడ కచేరీ రికార్డింగు పెట్టి, ఈవిడ గొంతు వయసుతో పలచబడింది అని నేను తేల్చేశాను. కిటికీ వెంటనే రాసింది. 'గొంతు పలచబడలేదు. మైకు దూరంగా పెట్టారు. మూడో నిమిషంలో ఆవిడ ఒక అడుగు ముందుకు జరిగింది, వినండి' అని. హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. మూడో నిమిషం. చెప్పు చప్పుడుతో సహా వినిపించింది, ఆ అడుగు! పాతికేళ్ళు మైకులు బాగుచేసినవాణ్ణి, నాకు వినపడలేదు, ఆవిడకి వినపడింది.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి మీ చెల్లెలితో చెప్పాను. 'మా గ్రూపులో ఒకావిడ ఉందే, ఏం చెవి అనుకున్నావు! మనిషి కాదు, యంత్రం' అన్నాను. మీ చెల్లెలు మంచినీళ్ళు పోస్తూ, 'ఎవరో పని లేనావిడ అయ్యుంటుందిలెండి' అంది. నాకు కోపం వచ్చి, 'నీకివి అర్థం కావులే' అన్నాను.

అన్నాను బావగారూ. ఒకసారి కాదు, రెండేళ్ళలో కనీసం యాభైసార్లు అని ఉంటాను. కిటికీ ఈవేళ ఇలా అంది, కిటికీ అలా అంది. మీ చెల్లెలు కంచంలో వడ్డిస్తూ వినేది. నీకర్థం కాదులే అని నేను చెయ్యి కడుక్కునేవాణ్ణి. ఆ చిన్నపిల్లల బళ్ళో పాటలు నేర్పుకునే మనిషికి ఇవన్నీ ఏం తెలుస్తాయని.

సరే, ఆ శనివారం. ఇదే బల్ల. ఏదో బడి వాళ్ళ ఆంప్లిఫయరు విప్పి పెట్టుకుని ఉన్నాను. పది కొట్టింది. ముసుగు పాట వచ్చింది. హెడ్‌ఫోను పెట్టుకున్నాను.

ఆడగొంతు. పక్క వాద్యం ఏమీ లేదు. వెనకాల సీలింగు ఫ్యాను, దాని బేరింగు అరిగిపోయి కిచకిచమంటోంది. ఖాళీ గదిలా ఉంది, గోడల నుంచి మోత వస్తోంది. పాడింది. విన్నాను. రాశాను. అంతే కదండీ జరిగింది? రోజూ చేసే పనే కదా? ముసుగు ఉన్నప్పుడు లోపల ఎవరున్నారో నాకేం తెలుసు?

ఏమిటలా చూస్తారు? నేను చెప్పేది నిజం. గొంతు గుర్తుపట్టలేదు. ఫోనులో గొంతులు మారిపోతాయండీ! మీకు తెలీదు. ఆ చిన్న మైకు, ఆ మోత, ఫ్యాను గోల... కన్నతల్లి గొంతు కూడా గుర్తుపట్టలేం.

ఏం రాశానా? చదవమంటారా? చదువుతాను. దాపరికం ఏముంది? నన్ను తీసేశారుగానీ నేను రాసింది నా ఫోన్లో ఉంది. ఇదిగో.

'శ్రుతి తప్పలేదు, నిజమే. కానీ శ్రుతి తప్పకపోవడం పాటకి ఉండాల్సిన గొప్పతనం కాదు, కనీస మర్యాద. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియని గొంతు ఇది. భావం అరువు తెచ్చుకున్నట్టుంది. చరణంలో పైకి ఎక్కగానే గొంతు ముక్కులోకి జారిపోతుంది. ఇలాంటి గొంతులు ఇంట్లో చుట్టాల మధ్య ముద్దుగా ఉంటాయి, వాళ్ళు మొహమాటానికి చప్పట్లు కొడతారు. నలుగురిలో పాడకుండా ఉండటమే ఈవిడ సంగీతానికి చేయగల సేవ.'

ఆఁ. కాస్త ఘాటుగానే ఉంది. కాదనను. కానీ నూటపన్నెండు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు, తెలుసా! శెభాష్ త్రాసూ అన్నాడు పళ్ళ డాక్టరు. ఆ చివరి వాక్యం గోడ మీద రాసుకోవాలి అన్నాడు ఇంకొకడు. నర్సు ఒక్కతే, 'పాపం, అంత మాట అవసరమా' అంది. నేను కిటికీ కోసం చూశాను. వస్తుంది, నాతో వాదిస్తుంది, ఈసారి మాత్రం గెలవనివ్వకూడదు అనుకుని, ఏమేం జవాబులు చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. సాయంత్రం దాకా రాలేదు.

మధ్యలో పోస్టుమాస్టరు ఫోను చేశాడు. 'బాబూ, ఆ రాసింది తీసెయ్యి. ఎందుకో రేపు చెప్తాను' అన్నాడు. నేను, 'నియమం నియమమేనండీ, ఒకసారి రాశాక తీయకూడదని మీరే పెట్టారు' అన్నాను. 'నీ ఇష్టం' అన్నాడాయన. ఫోను పెట్టేశాడు.

భోజనానికి ఇంటికి వెళ్ళాను. వెళ్ళానా, మీ చెల్లెలు అడిగింది. 'ఈవేళ ముసుగు పాట ఎలా ఉంది?' అని. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని ప్రశ్న. నేను ముద్ద కలుపుకుంటూ, 'ఏముంది, మామూలే' అన్నాను. 'ఓహో' అంది. ఇంకాస్త కూర వేసింది. అంతే.

మర్నాడు ఆదివారం మా పెళ్ళిరోజు. పాతికేళ్ళు. బయటికి వెళ్ళి భోంచేద్దాం అనుకున్నాం. పక్కగదిలో నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నేను ముందుగదిలో కూర్చుని ఆరు ఎప్పుడవుతుందా అని ఫోను చూస్తున్నాను. ఆరయ్యింది. పోస్టుమాస్టరు రాశాడు.

'ఈ వారం పాడినది మన కిటికీ. ఆవిడ మన త్రాసుగారి ఇల్లాలు. పాతికేళ్ళ పెళ్ళిరోజు కానుకగా భర్త చెవిన పడాలని పంపారు. నిన్న ఆ రాతలు చూసి, పేరు చెప్పడం ఆపేస్తానంటే వద్దన్నారు. దంపతులకు శుభాకాంక్షలు.'

ఇక చూడండి! మూడొందల నలభై మందీ చదివారు. పావుగంటలో మొదలైంది. నిన్న శెభాష్ అన్నవాడే, 'మనిషివా నువ్వు' అన్నాడు. గోడ మీద రాసుకోవాలన్నవాడు, నాకు ముందే అనుమానం వచ్చింది అన్నాడు. ఏమని వచ్చిందిరా అనుమానం? నూటపన్నెండు చప్పట్లూ ఒక్కొక్కటే చెరిపేసుకున్నారు బావగారూ, నా కళ్ళ ముందే, దొంగలు వేలిముద్రలు తుడుచుకున్నట్టు. తిట్టింది నేనొక్కణ్ణే అయ్యాను. వాళ్ళంతా ఏదో మీ చెల్లెలి తరఫున పుట్టినవాళ్ళలా... ఛీ!

కిటికీ రాసిందొక్కటే. 'త్రాసుగారి తీర్పు శిరసావహిస్తాను' అని. రాసి, తనంతట తనే గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

పక్కగదిలోంచి మీ చెల్లెలు వచ్చింది. చొక్కా తెచ్చి కుర్చీ మీద పెట్టింది. 'ఇంకా వేడిగా ఉంది, కాస్త ఆగి వేసుకోండి' అంది. లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకుంది. అరవలేదు, ఏడవలేదు. అరిస్తే నేనూ నాలుగు అరుద్దును. గుమ్మం దాకా వెళ్ళి, 'నిజంగా గుర్తుపట్టలేదా?' అని ఒక్కటే అడిగింది. లేదే, ఒట్టు, అన్నాను. నా మొహం కేసి కాసేపు చూసి, మెట్లు దిగిపోయింది.

అదండీ నా నేరం! చూడని మనిషిని, తెలియని గొంతుని, ఆట నియమం ప్రకారం తూచాను. దానికి గ్రూపు పోయింది, ఇల్లాలు పోయింది. రెండేళ్ళు నా కంచం ముందు నిలబడి, నన్ను పిచ్చివాణ్ణి చేసి ఆడించింది ఆవిడ కాదా? ఆ మాట ఎవరూ అడగరే?

ఏమిటది? కాగితమా? ఆవిడ ఇచ్చిందా?

ఇవ్వండి. ఇన్నాళ్ళూ పలకరించింది లేదు, ఫోను ఎత్తింది లేదు, ఇప్పుడు కాగితాలు పంపిస్తోందన్నమాట. ఏదీ, కళ్ళజోడు...

'చరణం ఎక్కడ విన్నారు?'

ఇంతేనా? ఇంకేం లేదా? వెనకాల కూడా ఏమీ లేదే. ఇది ఏం ప్రశ్న? దీనికి నిజం చెప్తే చాలు, రావాలో వద్దో తర్వాత ఆలోచిస్తానందా? ఎక్కడ విన్నానంటే... ఎక్కడ వింటాను, ఆ ముసుగు పాటలోనే, చరణంలో పైకి వెళ్ళినప్పుడు...

వద్దు. ఆ ఫోను తీయకండి. పెట్టకండి బావగారూ, దణ్ణం పెడతాను. మీరు పెట్టక్కర్లేదు, నాకు తెలుసు. ఒక్క నిమిషమే ఉంది. పల్లవి రెండుసార్లు, మధ్యలో చిన్న ఆలాపన, నిమిషం అయిపోయింది. చరణం లేదు. చరణం అంతా పోస్టుమాస్టరు కత్తిరించేశాడు. లేని చరణానికి తప్పు పట్టాను.

ఆ గ్రూపులో మూడొందల నలభై మంది చదివారు కదండీ. రాగం పిన్ని చదివింది, డాక్టరు చదివాడు. ఒక్కరికి తట్టలేదు. చప్పట్లు కొట్టే హడావిడిలో ఒక్కరికీ తట్టలేదు. తనకి తట్టింది. శనివారం పది దాటి పది నిమిషాలకే తట్టి ఉంటుంది. అందుకే ఎలా ఉంది అని అడిగింది మధ్యాహ్నం. అందుకే గుమ్మం దగ్గర నిలబడింది. తెలిసీ అడిగింది.

ఉండండి. కాస్త మంచినీళ్ళు తాగుతాను.

గుర్తుపట్టాను బావగారూ.

పల్లవి ఎత్తుకోకముందే పట్టాను. పాట మొదలుపెట్టే ముందు చిన్నగా ఊపిరి పీలుస్తుంది చూడండి, ఆ ఊపిరి దగ్గరే తెలిసిపోయింది. మీ బండి అయిదు బళ్ళ అవతల ఉన్నా మీకు దాని ఇంజను తెలియదూ? అలాగ. ఫ్యాను కూడా గుర్తుపట్టాను. ఆవిడ పాటలు నేర్పే చిన్నపిల్లల బడిలో ఫ్యాను. పోయిన ఎండాకాలం బాగుచేసి పెట్టమని అడిగింది, నేను వెళ్ళలేదు.

మరి ఎందుకు రాశావంటారు. అనండి. మీ చెల్లెలికి చెప్పుకోలేను, మీకే చెప్తాను.

పెళ్ళయిన కొత్తలో నేను పాడేవాణ్ణి. మీకు గుర్తుందో లేదో. పాడేవాణ్ణండీ! స్నేహితులంతా నువ్వు పెద్ద గాయకుడివి అవుతావురా అనేవాళ్ళు. పాటల బృందం ఒకటి కొత్తవాళ్ళని తీసుకుంటున్నారంటే, ఇద్దరం వెళ్ళాం. ఆవిడ రానంటే, తోడుగా రా అని నేనే లాక్కెళ్ళాను. నేను పాడాను. ఆ బృందం నడిపేవాడు గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. ఎలాగూ వచ్చావు కదా, నువ్వూ పాడమ్మా అన్నాడు ఆవిడని. స్టేజి పక్కన మైకు పాడైతే నేను దాని తీగ పట్టుకుని నిలబడ్డాను, ఆవిడ పాడింది. పల్లవి, చరణం, పూర్తి పాట. వాడు లేచి నిలబడ్డాడు. లేచి నిలబడి ఆవిడతో, 'ఎల్లుండి నుంచి రా అమ్మా' అన్నాడు. నావైపు తిరిగి, 'నువ్వు మైకు బాగా పట్టావు బాబూ, ఆ పని చూసుకో' అన్నాడు.

అదీ సంగతి. ఈ షాపు అలా పుట్టింది.

తిరిగొస్తుంటే బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. నాకేసి చూసి, 'నిజంగా బాగుందా?' అని అడిగింది. ఇరవయ్యేళ్ళ పిల్ల. మెచ్చుకుంటానని చూస్తోంది. నేను, 'బాగానే ఉందిగానీ, చరణంలో పైకి ఎక్కితే గొంతు ముక్కులోకి జారుతోంది, వాళ్ళు మొహమాటానికి చెప్పలేదు' అన్నాను.

అంతే. ఎల్లుండి వెళ్ళలేదు. నేను వెళ్ళమనలేదు. ఆ తర్వాత ఆవిడ నోట చరణం వినలేదండీ నేను. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ, పల్లవి వరకే పాడి ఆపేసేది. పాతికేళ్ళుగా మా ఇంట్లో అన్నీ పల్లవులే. ఎందుకు ఆపేస్తావు అని నేను ఎప్పుడూ అడగలేదు. ఎందుకో నాకు తెలుసు కనక.

జారలేదు బావగారూ. ఆ గొంతు ముక్కులోకి ఎప్పుడూ జారలేదు. ఆ రోజు స్టేజి పక్కన తీగ పట్టుకుని విన్నాను కదా, పైకి వెళ్ళిన కొద్దీ శుభ్రంగా, తేలిగ్గా వెళ్ళింది. తీగ పట్టుకున్న సంగతే మర్చిపోయాను. అంత బాగుంది.

ఆ శనివారం హెడ్‌ఫోనులో మళ్ళీ అదే గొంతు. నేను అనుకున్నాను, ఇన్నేళ్ళూ మూలన పడి ఉన్న గొంతు కదా, తుప్పు పట్టి ఉంటుందిలే అని. లేదు! ఇంకా బాగుంది. వయసు వచ్చి, బరువు వచ్చి, ఇంకా బాగుంది. నేను ఇంతకాలం నొక్కి పెట్టింది ఏమీ చావలేదన్నమాట. నాకు సంతోషం కలగాలి కదా? భార్య కదా? ఒక్క తప్పు దొరికినా బాగుండును అని మూడుసార్లు విన్నాను. దొరకలేదు. దొరక్కపోయేసరికి పాతదే తీసి రాసేశాను, పాడిందో లేదో కూడా చూసుకోకుండా.

తను కాస్త చెడగొట్టి పాడి ఉంటే మెచ్చుకునేవాణ్ణి. మీ మీద ఒట్టు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టేవాణ్ణి.

కిటికీ ఆవిడేనని మాత్రం నిజంగా తెలియదు. అది నమ్మండి. ఆ మూడొందల నలభై మందిలో నేను భయపడింది ఒక్క కిటికీకే. ఆవిడ నన్ను ఔనంటే చాలని ఎన్నిసార్లు రాసింది చెరిపి మళ్ళీ రాసేవాణ్ణో! ఆ ఔను కోసం రెండేళ్ళు ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఆవిడేమో పక్కగదిలో కూర్చుని ఉంది.

లేస్తున్నారా? ఉండండి, ఈ కాగితం వెనకాలే జవాబు రాసిస్తాను. మీరు నోటితో చెప్తే మెత్తబరుస్తారు, మీ సంగతి నాకు తెలుసు. 'పాతికేళ్ళ కిందట, స్టేజి పక్కన, మైకు తీగ పట్టుకుని విన్నాను. జారలేదు. బస్సులో చెప్పింది అబద్ధం.' చాలా? ఇంకేమైనా రాయాలా? క్షమించమని రాయలేను బావగారూ. చెయ్యి రావడం లేదు.

గ్రూపులో రాయమంటారా? అందరి ముందు? నన్ను తీసేశారుగా! ...అబ్బే, తీసేయకపోయినా రాయనులెండి. అదీ చెప్పెయ్యండి.

ఒక్కటి మాత్రం చెప్పకండి. రోజూ పొద్దున్న పదింటికి ఈ షాపు తలుపు సగం దించి, ఆ ఒక్క నిమిషం పాట నేను వింటున్నానని చెప్పకండి. వింటే తనకి జాలి వేస్తుంది. జాలిపడి సంచీ పుచ్చుకుని వచ్చేస్తుంది, మీ చెల్లెలు అలాంటిది. వచ్చి, పోనీలే ఈయన మారాడు అనుకుని, ఏదో ఒక రోజు చరణం ఎత్తుకుంటుంది.

ఎత్తుకుంటే నేను మళ్ళీ ఏదో ఒక తప్పు పడతాను బావగారూ. రానివ్వకండి.